జేజి కొలత

మా జేజి వంటింటికి కిటికీ లేదు. వెలుతురంతా నెత్తిమీది గవాచిలోంచే దిగేది. జమ్మలమడుగు తాలూకాలో పెన్నకు దగ్గరి పల్లె మాది. చుట్టూ నల్లరేగడి చేలు, ఊళ్లో నాపరాతి గోడలు, చౌడు కప్పిన మట్టిమిద్దెలు. పొయ్యికి సరిగ్గా పైన మిద్దెలో జానెడున్నర కంత వదిలి, వాననీళ్లు లోపలికి జారకుండా దాని చుట్టూ చిన్న కట్ట కట్టేవాళ్లు. పొగ పోవడానికీ ఎండ రావడానికీ అదే దారి. పొద్దెక్కాక పడమటి గోడ మీద ఎండబిళ్ల పడేది. అది మెల్లగా నేల మీదికి దిగి, మధ్యాహ్నం దాటాక తూర్పు వైపు జరిగేది. నీళ్లకాగు దగ్గరికి వచ్చిందంటే చేలోకి సంగటి పంపాల్సిన పొద్దయిందని లెక్క. ఇంట్లోకి గడియారం వచ్చిన తర్వాత కూడా జేజి దాన్ని నమ్మలేదు, ఎండనే నమ్మింది. మబ్బు పట్టిందంటే పిల్లల్లో ఎవరో ఒకరం నిచ్చెనెక్కి గవాచి మీద బండ మూయాలి. కడపలోనూ కర్నూలులోనూ వాన ఎప్పుడో గాని రాదు, వచ్చినప్పుడు మాత్రం చెప్పి రాదు.

ఆ మిద్దె మీద వేసే చౌడు పంట పండని నేలల్లోంచి తెచ్చిన మట్టి. అందులో సోడియం ఎక్కువ. తడవగానే మట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడుకుపోతాయి, ఇక నీళ్లు కిందికి దిగవు. పైరును చంపే గుణమే ఇంటిని కాపాడేది. ఏటా వానలకు ముందు బండ్లతో చౌడు తోలి, మిద్దె మీద పరిచి, కాళ్లతో తొక్కి సాపు చేసేవాళ్లు. ఆ పని మగవాళ్లది. మిద్దె కింద వంటిల్లు మాత్రం పూర్తిగా ఆడవాళ్ల కట్టడం. ఈ మాట నేను పెద్దయ్యాక, సిమెంటు వంటిళ్లు చూశాక గాని నాకు తెలిసి రాలేదు.

పొయ్యి ఎట్లా కట్టేదో నాకు బాగా గుర్తుంది. పుట్టమన్ను తెచ్చి, కసువు ఏరి, తరిగిన గడ్డి కలిపి, నీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చేది. పొద్దున్నే జేజి చీర చెక్కుకొని కూర్చొని ఆ మట్టిని మడమతో మెత్తగా చేసి, చేత్తో గోడలు పైకి లేపేది. పెద్ద పొయ్యి ఎంత వెడల్పు ఉండాలో ఇంట్లో ఉన్న సంగటి కుండను బోర్లించి చూసుకునేది. పక్కనే కొడిపొయ్యి. పెద్ద పొయ్యిలోని మంట ఒక సందులోంచి దాని కిందికి పోతుంది. అక్కడ పాలు కాగుతాయి, పప్పు ఉడుకుతుంది, దానికి వేరుగా కట్టె పెట్టే పని లేదు. మా నేల మీద కట్టెలకూ కరువే. పత్తికట్టె, కందికట్టె, జొన్నదంట్లు, లేదంటే కంప. అవి పుల్లలు, గబగబా మండి ఆరిపోతాయి. అందుకే పొయ్యి నోరు చిన్నదిగా, లోపల గుంత లోతుగా పెట్టేది. చిన్న మంట కూడా కుండ అడుగును వదిలిపోకూడదు. గాలి ఎటు వీస్తుందో చూసుకొని పొయ్యి నోటిని అటు తిప్పేది. ఇవన్నీ ఎవరూ ఆమెకు గీసి ఇచ్చిన కొలతలు కావు.

వారానికోసారి ఎర్రమట్టీ పేడా కలిపి అలకడం, పండుగకు ముందు గోడలకు సున్నం, పొయ్యికి పగులు పడితే అప్పటికప్పుడు మట్టి మెత్తడం. ఏడాదికో రెండేళ్లకో పాతది తవ్వి కొత్త పొయ్యి వేయడం. పోయినసారి కంటే కొంచెం గోడకు దూరంగా, కొంచెం ఎత్తుగా, మోకాళ్ల నొప్పి ఎక్కువైతే మరికొంచెం ఎత్తుగా. వండే మనిషి ఒళ్లు మారేకొద్దీ వంటిల్లూ మారేది. కూలీ లేదు, ఖర్చు లేదు, ఎవరినీ అడగాల్సిన పని అంతకన్నా లేదు. ఎండాకాలం వస్తే వంటిల్లే బయటికి కదిలేది. వేపచెట్టు కింద, పత్తికట్టె దడి చాటున ఇంకో పొయ్యి. నలభై రెండు, నలభై మూడు డిగ్రీల ఎండలో లోపల కూర్చొని రొట్టెలు కాల్చమంటే మనిషి బతకదు.

పొగను మాత్రం నేను పొగడను. గవాచి ఉన్నా సగం పొగ లోపలే తిరిగేది. దూలాలూ దంతెలూ నల్లగా నిగనిగలాడేవి. పొగ పట్టిన దూలానికి పురుగు పట్టదని పెద్దవాళ్లు సంతోషపడేవాళ్లు, విత్తనాల కంకులు కూడా పొయ్యి మీదనే వేలాడదీసేవాళ్లు. ఆ పొగే జేజి కళ్లలోకీ పోయింది, అమ్మ ఊపిరితిత్తుల్లోకీ పోయింది. ఊదుగొట్టంతో ఊది ఊది అమ్మకు దగ్గు పట్టుకుంది. చలికాలం రాత్రుళ్లు ఆ దగ్గు విని నిద్ర లేచేవాణ్ని. మట్టిపొయ్యి రుచి గురించి ఇప్పుడు ఎవరైనా మురిసిపోతూ మాట్లాడితే నాకు ఆ దగ్గే వినిపిస్తుంది.

ఎనభయ్యో దశకంలో నాయన వంటిల్లు మార్చాలని అనుకున్నాడు. నిలబడి వండే గట్టు, కిరసనాయిలు స్టవ్వు. బండల విషయంలో మాకు కరువు లేదు. మా మామది బేతంచెర్ల, అప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఆయన బండల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఎండాకాలం సెలవులకు ఎర్రగుంట్లలో రైలెక్కి, గుంతకల్లులో మారి ఆ ఊరికి పోయేవాళ్లం. ఊరంతా రంపాల చప్పుడు, కాలవల్లో తెల్లటి బండనీళ్లు. మామ ఇంట్లో నేల, గూళ్లలో అరలు, నీళ్లతొట్టి, దొడ్డిగోడ అన్నీ బండే. మిట్టమధ్యాహ్నం ఆ వంటింటి నేల మీద బొక్కబోర్లా పడుకుంటే కడుపులోకి చల్లదనం ఎక్కేది.

గట్టుకు మాత్రం మా వైపు నల్లబండే కావాలన్నాడు మామ. ఎర్రగుంట్ల, ముద్దనూరు చుట్టూ గనుల్లో దొరికే ఆ నాపరాయిని దేశమంతా కడప బండ అంటారు. బొంబాయి, పూణే పాత ఇళ్ల వంటగట్లూ అరలూ ఎన్నో దానితోనే కట్టినవి. అది కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథమే రాశాడు. మా జిల్లాలోని నార్జి అనే ఊరి పేరు ఈ సున్నపురాయికి నిలిచిపోయింది. పొరలుగా ఏర్పడిన రాయి గనక ఉలీ గడ్డపారా ఉంటే పలకలుగా లేస్తుంది. ఇంత సులువుగా బల్లలాగా విడివడే రాయి కాళ్ల కింద ఉన్నందుకే మా సీమలో బీదవాడి ఇంట్లో కూడా బండ అరుగు ఉంది.

బేల్దారి వచ్చి గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. ఊళ్లో పెద్ద ఇళ్లన్నింటికీ అదే ఎత్తు పెట్టినానన్నాడు. మంచి పనివాడే, కానీ ఆ గీత ఆయన నడుముకు సరిపోయేది. మా అమ్మ పొట్టి మనిషి. జేజి గడపలో కూర్చొని చూస్తా ఉండి, లేచి వచ్చింది.

"నువ్వు వండుతావా నాయనా, నా కోడలు వండుతాదా?"

"అందరిండ్లల్లో ఇంతే పెడతారు కదవ్వా."

"అందరి కొలత మాకెందుకు? మే, ఇట్లా రా" అని అమ్మను పిలిచింది.

అమ్మను గోడ పక్కన నిలబెట్టింది. స్టవ్వు జానెడు ఎత్తు, దాని మీద గిన్నె ఇంకో జానెడు. ఒక పెట్టె మీద స్టవ్వూ గిన్నే పెట్టించి, అమ్మ చేతికి గరిటె ఇచ్చి కలపమనింది. భుజం పైకి లేచింది. పెట్టె తీయించి, తక్కువ ఎత్తుది పెట్టించింది. భుజం కదలకుండా మోచేయి మాత్రమే ఆడేదాకా అట్లా మారుస్తూ పోయింది. చివరికి రెండు గీతలు పెట్టించింది. కూరగాయలు తరిగే చోట మోచేతికి బెత్తెడు కింద ఒకటి, స్టవ్వు పెట్టే చోట ఇంకా కిందికి రెండోది. రెండు ఎత్తుల గట్టు తానెప్పుడూ కట్టలేదని బేల్దారి గొణిగాడు, కట్టాడు. చాలా ఏళ్ల తర్వాత పనిచోట్ల కొలతల గురించి చదువుతుంటే, నిలబడి చేసే పనికి బల్ల మోచేతికి పది పదిహేను సెంటీమీటర్ల కింద ఉండాలని కనబడింది. జేజి బెత్తెడు దానికి దగ్గర దగ్గరగానే ఉంది.

గట్టు గోడ పొడవునా వద్దని కూడా జేజి పట్టుబట్టింది. "సంగటి యాడ కెలకాల?" అని అడిగింది. సంగటి నిలబడి కెలికేది కాదు. కుండ దించి నేల మీద పెట్టి, రెండు పాదాల నడుమ బిగబట్టి, తెడ్డుతో ఒళ్లంతా బరువేసి గుండ్రంగా తిప్పాలి. ఊరుబిండి నూరాలన్నా రోలు నేల మీదనే. రొట్టె తట్టేదీ నేల మీదనే. నిలబడి చేసే వంట ఒకటి, కూర్చొని చేసే వంట ఒకటి. మా తిండికి రెండూ కావాలి. సగం గోడకే గట్టు ఆపి, మిగతా నేలంతా బేతంచెర్ల బండ పరిపించారు. జాలాడి మూలలోనే ఉండిపోయింది. అంట్లు తోమిన నీళ్లు మోరీలోంచి పెరట్లో కరివేపాకు చెట్టుకు, బియ్యం కడిగిన నీళ్లు బర్రెల కుడితితొట్టికి. బిందె నీళ్ల కోసం పెన్న ఇసుకలో చెలమ తవ్విన ఊరు మాది, ఒక చెంబెడు నీళ్లు కూడా ఊరికే పోకూడదు.

అమ్మ వంటిల్లు చూసినప్పుడల్లా నాకు ఎక్కడో జర్మనీలో కట్టిన ఒక వంటిల్లు గుర్తొస్తుంది. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్ల కోసం మార్గరెతె ష్యూటె లిహోట్స్‌కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు గీసిన వంటిల్లు అది. వండే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో, ఏ పనికి ఎంతసేపు పడుతుందో లెక్కించి, రైలు భోజనపెట్టెలోని ఇరుకు వంటగదిని చూసి నేర్చుకొని గీసింది. అట్లాంటివి దాదాపు పదివేలు కట్టారు. ఈనాటి అమర్చిన వంటిళ్లన్నింటికీ అదే మూలమంటారు. అందులో ఆమె కూర్చొని పనిచేసుకోవడానికి తిరిగే స్టూలు కూడా పెట్టింది. ఒకరు చదువుకున్న ఆర్కిటెక్టు, ఒకరు వేలిముద్ర వేసే మా జేజి. వండే మనిషి ఒంటినుంచే ఇద్దరూ లెక్క మొదలుపెట్టారు.

కడప బండను చూసుకోవడం అమ్మ నేర్చుకుంది. సున్నపురాయికి పులుపు పడదు. చింతపండు రసం చిందినా, నిమ్మచెక్క పెట్టి మరిచినా అక్కడ తెల్లమచ్చ పడుతుంది. పులుపు రాయిని కొంచెం కరిగించేస్తుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు. అందుకని పులుసు పిసికే గిన్నె కింద ఎప్పుడూ ఒక పళ్లెం ఉండేది. మంట మీదినుంచి దించిన గిన్నెను బండ మీద పెట్టనిచ్చేది కాదు, వేడికి పొర లేస్తుందని. రాత్రి పని అయ్యాక తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. పండుగ ముందురోజు చెనిక్కాయల నూనె రెండు చుక్కలు వేసి రుద్దితే బండ నల్లటి కాటుక రంగు తేలేది. ఆ గట్టు ఇప్పటికీ ఉంది, అంచు కూడా విరగలేదు.

1999లో దీపం పథకం వచ్చి ఊళ్లో ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు నేను నిజంగా సంతోషపడ్డాను. ఊదుగొట్టాలు మూలన పడ్డాయి. అయితే పొగ పోయింది కదా అని చాలా ఇళ్లలో గవాచి కూడా మూసేశారు. సిమెంటు పోసి పూడ్చేశారు. తాలింపు ఘాటు, ఆవిరి, పగటిపూట వెలుతురు, వీటికి దారి ఎక్కడుందో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ప్రొద్దుటూరులోనో కర్నూలులోనో కొత్త అపార్టుమెంటుకు పోతే వంటింట్లో పగలు కూడా దీపం వెలగాలి. గట్టు అందరికీ ఒకే ఎత్తు, అరలు సీలింగు దాకా. పై అరలోని డబ్బా కోసం ఆ ఇంటి ఇల్లాలు స్టూలెక్కుతుంది. నేల మీద కూర్చునే చోటే లేదు కాబట్టి సంగటి ఆదివారం హోటలునుంచి తెప్పించుకుంటారు. లక్షలు ఖర్చు పెట్టి కట్టిన వంటింటిని ఆ ఇంట్లో వండే మనిషి ఒక్క అంగుళం కూడా తనకు తానుగా మార్చుకోలేదు. జేజి కుప్ప మట్టితో ఏటా చేసుకున్న పని అది. పొగ పోవడంతో పాటు ఆ అధికారమూ పోయింది, నాకు బాధ కలిగించేది ఇదే.

గ్రానైటు మీద నాకు కోపం లేదు. దానికి పులుపు బాధ లేదు, వేడి బాధ తక్కువ. కానీ గనులు పక్కనే పెట్టుకొని, మన ఊళ్లోనే లేచిన నాపరాయిని చవకరకమని తీసి పారేయడం నాకు సబబుగా తోచదు. చూసుకుంటే అది రెండు తరాలు నిలుస్తుందని అమ్మ గట్టే చెబుతుంది.

మీరు వంటిల్లు మార్పించే పనిలో ఉంటే, డిజైనుకు డబ్బు కట్టకముందే ఒక పూట కేటాయించండి. ఆ ఇంట్లో రోజూ వండేది ఎవరో, ఆ మనిషిని గోడ పక్కన నిలబెట్టి, చేతికి గరిటె ఇచ్చి, మోచేయి ఎక్కడుందో గీత గీయండి. స్టవ్వుకు ఇంకో గీత గీయండి. రోటికీ సంగటి కుండకూ నాలుగడుగుల నేల వదలండి. పైకప్పులోనో గోడలోనో గాలికీ ఎండకూ దారి పెట్టించండి. ఆ తర్వాతే బేల్దారిని పిలవండి.