వెనక సీటు సంగతి

మోటారు సైకిలు కొనాలనుకున్న మగవాళ్ళు ఎన్నాళ్ళు చర్చించుకోగలరో, పెళ్ళిసంబంధం చూసొచ్చిన పెద్దవాళ్ళు కూడా అన్నాళ్ళు చర్చించుకోలేరు. ఇంజనెంత, బరువెంత, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అన్నీ వస్తాయి. వెనక కూర్చునే మనిషి ఊసు మటుకు రాదు.

మావారికి ఈమధ్య దూరప్రయాణాల సరదా పుట్టింది. ముందు శ్రీశైలం, ఆపైన ఎక్కడికైనా సరేట. కారులో పోదామనే మనిషిని కాను నేను. నల్లమలలో గాలి పీల్చుకుంటూ వెళ్ళడం నాకూ ఇష్టమే. అయితే పీల్చే గాలి వేరు, కొట్టే గాలి వేరు. వేగం రెట్టింపయితే గాలి తాకిడి నాలుగు రెట్లవుతుంది. నలభైలో చెంప నిమిరిన గాలే ఎనభైలో చెంప వాయిస్తుంది. గంటన్నర పోయేసరికి మెడ పట్టేస్తుంది. దిగి టీ తాగుతున్నా చెవుల్లో హోరు వదలదు.

విండ్‌స్క్రీన్ బిగిస్తే సరి అంటారు. అది ఎంత పొడుగైతే అంత మంచిదనుకోకండి. దాని పైఅంచు దాటిన గాలి సుడి తిరుగుతుంది. ఆ సుడి సరిగ్గా హెల్మెట్టు దగ్గర పడిందా, అది లేకపోవడమే నయం. పైగా చాలా బళ్ళలో వెనక సీటు ముందుదానికంటే ఎత్తు. నడిపేవారి తలమీంచి దాటిన గాలి వెనకావిడ మొహానికే తగులుతుంది. షోరూములో నిలబెట్టిన బండెక్కి కూర్చుంటే ఇవేం తెలుస్తాయి?

దూరప్రయాణాలకి పెట్టింది పేరైన హోండా గోల్డ్‌వింగ్‌కి కూడా 1975లో పుట్టినప్పుడు గాలి కాచే తొడుగు లేదు. కొనుక్కున్నవాళ్ళే బయట తెచ్చి బిగించుకున్నారు. 1980లో గానీ కంపెనీవాళ్ళు తొడుగుతో సహా అమ్మలేదు. ఆ ఐదేళ్ళూ వెనక కూర్చున్న ఇల్లాళ్ళు ఏమనుకున్నారో మరి!

మన చట్టమే నయం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వెనక మనిషికి పట్టుకోడానికి పిడి, పాదాలకి ఆసరా, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే అడ్డూ ఉండి తీరాలి. చీరచెంగు చట్టానికి గుర్తుంది, మావారి లెక్కల కాయితానికే గుర్తులేదు.

ఆ కాయితంలో చివరికి రెండు బళ్ళు మిగిలాయి. మీటియర్ 350 సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, హిమాలయన్ 450ది 825. మొదటిదాంట్లో సూపర్‌నోవా రకానికి విండ్‌స్క్రీనూ, వెనకవాళ్ళు వీపు ఆనించుకునే దిండూ ఉన్నాయి. రెండోది గతుకుల్ని బాగా మింగుతుంది, నడుముకి అదీ ముఖ్యమే. నా ఓటు మటుకు వీపుదిండుకి. ఆనుకోడానికి ఏదైనా ఉంటే గాలి తోసినప్పుడల్లా ఎదుటి మనిషి చొక్కా పట్టుకు వేలాడక్కర్లేదు.

"వెనక కూర్చునేదానివి, నీకేం తేడా?" అన్నారు మావారు.

"ఆ మాట వెనక కూర్చొచ్చి చెప్పండి," అన్నాను.

పోయిన ఆదివారం మా తమ్ముడొక బండి అద్దెకి తెచ్చాడు. విండ్‌స్క్రీనూ లేదు, దిండూ లేదు. వాడు నడుపుతుంటే మావారు వెనక కూర్చుని నాగార్జునసాగర్ వెళ్ళొచ్చారు. సాయంత్రం దిగి, ఒక్కమాటైనా అనకుండా స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టమన్నారు. రాత్రి బల్లమీద కాయితం చూశాను. 'మైలేజి' అన్న మాటకి పైన కొత్తగా ఒక గడి గీసి, అందులో 'దిండు' అని రాసుంది.