నీళ్ల బస్తాల లెక్క

మా సుల్తానాబాద్ లో పెరిగినవాళ్లకి నీళ్లంటే రెండే. ఒకటి వానాకాలం మానేరు, రెండోది ఎస్సారెస్పీ కాలువ. రెండింటి దగ్గరికీ పోవద్దనే మా అమ్మ గొడవ. అలాంటివాణ్ణి ఇప్పుడు డాలస్ లో, బోటులోకి పంపు పెట్టి మరీ నీళ్లు నింపుతున్నాను. ఫోన్లో చెప్తే మా నాన్న నమ్మలేదు. "పడవల్లకెల్లి నీళ్లు ఎత్తిపోస్తరు గని నింపుడేందిరా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

సంగతేమిటంటే, మా ఆఫీసు మిత్రులు నలుగురం కలిసి ఒక పాత వేక్ బోటు కొన్నాం. లూయిస్‌విల్ లేక్ లో నడుపుతాం. బరువుల లెక్క చూసే పని నాకు అంటగట్టారు. (లోడ్ బ్యాలెన్సింగ్ ఆఫీసులో కూడా నాదే లెండి.)

బోటు వెళ్తుంటే వెనక లేచే అలని వేక్ అంటారు. బోటు ఎంత లోతుగా మునిగి నడిస్తే అంత నీటిని పక్కకి తోస్తుంది, అల అంత పెద్దదవుతుంది. అందుకే బరువు పెంచాలి. ఆ బరువే బ్యాలస్ట్. ఇనుమో ఇసుకో వెయ్యొచ్చు కానీ, నీళ్లయితే అక్కడే దొరుకుతాయి, పని అయ్యాక అక్కడే వదిలెయ్యొచ్చు. లీటరుకి కిలో, లెక్క కూడా తేలిక.

మా బోటులో వెనక రెండు మూలల్లో 340 లీటర్ల సంచులు రెండు, ముందు 180 లీటర్లది ఒకటి. మొత్తం 860 కిలోలు. మా ఊరి రైస్ మిల్లు భాషలో చెప్పాలంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు 34! గంటకి 800 గ్యాలన్లు తోడే పంపుతో పెద్ద సంచి ఒకటి నిండటానికి ఏడు నిమిషాలు పడుతుంది.

ఈ బరువు ఎక్కడ పెట్టాలన్నదే అసలు విద్య. ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బస్తాలన్నీ వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది, ముందు వేస్తే ఎడ్ల మెడలు విరుగుతాయి. ఇక్కడా అంతే. వెనక బరువు పెంచితే అల ఎత్తుగా, నిటారుగా వస్తుంది. ముందు కొంత వేస్తే పొడుగ్గా సాగుతుంది.

వేక్ బోర్డింగ్ కి తాడు పట్టుకుని 20 మైళ్ల పైచిలుకు వేగంతో వెళ్తూ అటూ ఇటూ దూకుతారు. కాబట్టి రెండు పక్కలా సమానమైన అల కావాలి, బరువు రెండు వైపులా సమానంగా ఉండాలి. వేక్ సర్ఫింగ్ కి వేగం 10-12 మైళ్లు చాలు. లేచి నిలబడ్డాక తాడు వదిలేసి, ఒకే పక్క అల మీద జారుతూ పోతారు. అందుకే ఆ పక్క వెనక మూలకి ఎక్కువ బరువు. ఎడమకాలు ముందు పెట్టేవాళ్లకి బోటు ఎడమ పక్క, కుడికాలు ముందు పెట్టేవాళ్లకి కుడి పక్క. కొత్త బోట్లలో వెనక కదిలే పలకలు ఉంటాయి, వాటితో బరువు సమానంగా ఉంచి కూడా ఒక పక్క అలని తీర్చిదిద్దొచ్చు. మాది పాత కాలపు బోటు, మాకు సంచులే దిక్కు.

ఇంకో సంగతి. సంచి నింపితే పూర్తిగా నింపాలి, లేదంటే ఖాళీ చెయ్యాలి. సగం నిండినదానిలో నీళ్లు, బోటు ఎటు ఒరిగితే అటే పరుగెత్తుతాయి. ఒరిగినదాన్ని ఇంకా ఒరగదోస్తాయి. సర్ఫింగ్ చేసే బోటుకి ప్రొపెల్లర్ అడుగున, లోపలికి ఉండాలి. వెనక బయటికి తిరిగే మోటరు ఉన్న బోట్లతో ఈ ఆట వద్దే వద్దు.

ఇంటికి బయల్దేరే ముందు సంచుల్లో చుక్క లేకుండా తోడెయ్యాలి. టెక్సస్ లో 2014 నుంచి అది చట్టం. 2009లో లేక్ టెక్సోమాలో జీబ్రా మసెల్స్ అనే పరాయి ఆల్చిప్పలు కనబడ్డాయి. వాటి పిల్లలు కంటికి ఆనవు, బోట్లలో మిగిలిన నీళ్లతోనే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పోతాయి.

ఇక అసలు గొడవ. పోయిన జులై నాలుగు సెలవులకి ఇంకో మూడు కుటుంబాలు వచ్చాయి, పిల్లలతో సహా. సంచులు అప్పటికే నిండుగా ఉన్నాయి. పెద్దపల్లి మిత్రుడొకడు "ఇంకో నలుగురెక్కితే ఏమైతదే? మనుషులు కూడ బ్యాలస్టే గదా!" అన్నాడు. నవ్వారందరూ. భౌతికశాస్త్రం ప్రకారం వాడన్నది నిజమే. మా 860 కిలోలంటే దాదాపు పన్నెండుమంది మనుషులు, ఎవరికీ కనబడకుండా అడుగున కూర్చున్నట్టే. అందుకే ఇంకొకర్ని ఎక్కించకూడదు అంటాను నేను. పైగా నీళ్ల సంచిని ఎక్కడ పెడితే అక్కడుంటుంది. మనుషులు అలా ఉండరు. ఎవరో పడిపోయారంటే, ఫోటో అంటే, అందరూ ఒకే పక్కకి ఉరుకుతారు. ముందు భాగం బరువెక్కి ఉండగా డ్రైవర్ గబుక్కున వేగం తగ్గిస్తే మన అలే మన మీదికి ఎక్కుతుంది.

2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర, కృష్ణలో పవిత్ర సంగమం ఒడ్డుకి దగ్గర్లోనే పడవ తిరగబడింది. ఇరవైమందికి పైగా చనిపోయారు. పడవకి మించి ఎక్కించారనీ, లైఫ్ జాకెట్లు ఇవ్వలేదనీ అప్పట్లో పేపర్లలో చదివాం. ఆ పడవ ఎక్కినవాళ్లు కూడా మనలాగే సెలవు రోజు సరదాగా వచ్చినవాళ్లే.

నేను తాళం తీసి జేబులో వేసుకున్నాను. బోటు మీద అంటించిన పలకలో ఎంతమంది, ఎంత బరువు అని రాసి ఉంటుంది. సంచులు నిండితే ఆ లెక్క ఎలా మారుతుందో మాన్యువల్ లో ఉంటుంది. రెండూ చూపించి, వెనక సంచులు ఖాళీ చేసి, జనాన్ని రెండు ట్రిప్పులు తిప్పాం. అల చిన్నదైంది. పిల్లలకి ఆ తేడా తెలియనే లేదు. మా వాడు మాత్రం సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

మీలో కూడా చాలామంది ఎండాకాలం లేక్ లకి బోట్లు అద్దెకి తీసుకుని పోతుంటారు. మనవాళ్లకి మొహమాటం ఎక్కువ, "నువ్వు ఆగు" అని ఎవరికీ చెప్పలేం. కాబట్టి ఆ లెక్కేదో ఒడ్డున, ఎవరూ ఎక్కకముందే చేసెయ్యండి. ఎక్కి కూర్చున్నాక దిగమనడం మీవల్ల కాదు, నావల్లా కాదు.