ఫిల్టరు

బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర పక్క కారు టర్బో బుస్సుమన్నప్పుడల్లా నా పాత డీజిల్ స్విఫ్ట్ చిన్నబోయినట్టుండేది. ఓపెన్ ఫిల్టరు పెట్టిద్దామని పన్నెండు వేలు పట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను.

"ఎందుకండీ దండగ? గాలి లాగేది టర్బో. ఎంత డీజిల్ కొట్టాలో ఈసీయూ లెక్క. అది మార్చకుండా ఇది పెడితే చప్పుడు పెరుగుద్ది, అంతే. పైగా బానెట్ కింద వేడిగాలి పీలుస్తది," అన్నాడు మేస్త్రీ. పాత ఫిల్టరు తీసి నేలకేసి తట్టాడు.

వరి నుసి, గట్ల మీది మట్టి కుప్పగా రాలాయి. నాన్న ఈ కారులోనే కోతలకి అవనిగడ్డ వెళ్ళొచ్చేవాడు. ఆయన పోయి రెండేళ్ళు. అప్పట్నుంచీ నేను ఫిల్టరు మార్చనే లేదు.

కొత్త కంపెనీ ఫిల్టరు నాలుగొందల చిల్లర. వారధి మీద కారు తేలిగ్గా లాగింది.

మేస్త్రీ ఆ మట్టిని ఊడ్చేస్తుంటే మాత్రం, ఆగమనబోయి ఊరుకున్నాను.