రంగు కింద తుప్పు

స్టేషన్ ముందు దిమ్మె మీద ఓ బొగ్గింజిను. పిల్లలు ఎక్కి ఆడతారు, పెద్దలు పక్కన నిలబడి ఫొటో దిగుతారు. అప్పుడప్పుడూ ఎవరో నల్లరంగు పూస్తారు. దగ్గరికెళ్లి చూడండి... ప్రెజర్ గేజ్ ఉండాల్సిన చోట చిల్లు. ఇత్తడి సామాను ఎప్పుడో మాయం. వాననీళ్లు నిలిచి అడుగురేకు పొరలుగా రాలుతుంటుంది. రంగేస్తే తుప్పు పోతుందా!

ఇలాంటివి మళ్లీ నడుస్తాయా అంటే, నడిచిన ఇంజిను ఉంది. ఈఐఆర్-21. 1855 నాటిది, ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తయారైంది. జమాల్‌పూర్‌లో, హౌరాలో కలిపి వందేళ్లకు పైగా బొమ్మలా నిలబడింది. చెన్నైలోని పెరంబూర్ లోకో వర్క్స్ వాళ్లు బాగుచేసి 2010లో పట్టాలెక్కించారు.

బతికున్న ఇంజిన్లను ఒకేచోట చూడాలంటే మాత్రం హర్యానాలోని రేవారీ వెళ్లాలి. ఢిల్లీకి దాదాపు 80 కిలోమీటర్లు. 1893 నాటి లోకోషెడ్డు అది. ఆవిరి రోజులు పోయాక పాడుబడితే, 2002లో బాగుచేసి మ్యూజియంగా మార్చారు. చిత్తరంజన్‌లో 1965లో తయారైన ‘అక్బర్’ అక్కడిదే. తుపాకీ గుండులాంటి ముక్కు దాని ప్రత్యేకత.

చల్లారిన బాయిలర్‌లో ఆవిరి పుట్టించడం గంటల పని. బొగ్గు ఎక్కడ పలచగా పరచాలో, ఎక్కడ దట్టంగా వెయ్యాలో చేతికి తెలియాలి. బ్రాడ్‌గేజ్‌పై ఆవిరి రైళ్లు 1995లోనే ఆగిపోయాయి. అప్పటి కుర్ర ఫైర్‌మన్లకు ఇప్పుడు యాభై దాటాయి.

రేవారీ వెళ్లేముందు పొయ్యి ఏ రోజు రాజేస్తారో కనుక్కోండి. మిగతా రోజుల్లో అక్కడా కూత వినపడదు.