నలుగురూ ఎగిరే ఆకాశం

కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడిపే సరదా కొత్తదేమీ కాదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మొదటిసారి బయటికొచ్చింది 1982లో. అప్పుడు తెరమీద కనిపించినవి కొన్ని గీతలు, కొన్ని డయల్స్, అంతే. 2020లో వచ్చిన కూర్పులో ఉపగ్రహ చిత్రాల సాయంతో భూమి మొత్తం దిగింది. గన్నవరం వైపు వస్తూ కృష్ణ ఎక్కడ వంపు తిరిగిందో చూసుకోవచ్చు. ఇంత ఉన్నా ఒంటరిగా ఎగిరే ఆకాశం కొన్నాళ్ళకు బోసిపోతుంది. కంప్యూటరే దారి చెప్పే కంట్రోలర్‌గా మాట్లాడే ఏర్పాటు ఉంది గానీ, ఆ గొంతులో అలసట ఉండదు, ఆదరమూ ఉండదు.

ఆ లోటు తీర్చింది మనుషులే. 1998లో ఇవావో, 2001లో వాట్సిమ్ అనే నెట్‌వర్కులు పుట్టాయి. రెండింటికీ చందా లేదు. మీరు ఇంట్లో సిమ్యులేటర్ తెరిచి నెట్‌వర్క్‌కు కలిస్తే, మీ విమానం మిగతావాళ్ళ తెరల మీద కనిపిస్తుంది, వాళ్ళవి మీకు కనిపిస్తాయి. ఎక్కడో ఇంకో ఊళ్ళో ఒకాయన తన గదిలో రాడార్ తెర పెట్టుకుని, హెడ్‌సెట్ తగిలించుకుని, మీకు దారి చెబుతుంటాడు. ఆయనకు జీతం లేదు. గ్రౌండ్, టవర్, అప్రోచ్ అని మెట్టు మెట్టుకూ నేర్చుకుని, పరీక్షలకు నిలబడి ఆ కుర్చీలోకి వచ్చినవాడు. అసలు ఉద్యోగంలో కూడా పైలట్లో, కంట్రోలర్లో అయినవాళ్ళూ ఇందులో ఉన్నారు. వాతావరణం కూడా ఆ గంటకు ఆ ఊళ్ళో నిజంగా ఎలా ఉందో అలాగే వస్తుంది. వాట్సిమ్‌లో 2019 అక్టోబరులో కొత్త రేడియో పద్ధతి పెట్టాక, దూరాన్నీ ఎత్తునూ బట్టే గొంతు వినబడుతోంది. కిందికి దిగేకొద్దీ దూరపు మాటలు తప్పిపోతాయి. మొదటిసారి అది గమనించినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

ఈ లోకంలో ఎప్పటికీ తెగని తగాదా ఒకటుంది. అంతా అసలు విమానంలో లాగే జరగాలని ఒకరు, ఆడుకోవడానికొచ్చాం కదా ఈ కట్టుబాట్లెందుకని ఇంకొకరు. ఎవరి మాట విన్నా నిజమే అనిపిస్తుంది. చాలాకాలం రెండు పక్షాలూ విన్న మీదట నాకు తోచింది చెబుతాను. కాక్‌పిట్ మీది, ఫ్రీక్వెన్సీ అందరిదీ. ఈ తేడా పట్టుకుంటే తగాదాలో ముప్పాతిక భాగం అక్కడే తేలిపోతుంది.

కాక్‌పిట్ సంగతి ముందు. బ్యాటరీ స్విచ్ వేయడం దగ్గర మొదలుపెట్టి చెక్‌లిస్ట్ ప్రతి వరుసా చదువుకుంటూ అరగంటకు గానీ ఇంజన్ తిప్పనివాళ్ళు ఉన్నారు. ఇంజన్లు అప్పటికే తిరుగుతున్న విమానాన్ని తీసుకుని నేరుగా బయల్దేరేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నే అనవసరం. కాంకార్డ్ ప్రయాణికుల సర్వీసు 2003తో ముగిసింది. ఇక్కడ ఇవాళ కూడా ఎవరో ఒకరు దాన్ని అట్లాంటిక్ మీద ధ్వనిని మించిన వేగంతో నడుపుతారు, కంట్రోలర్ ఆదరంగా దారి ఇస్తాడు. హైదరాబాద్ ప్రయాణికుల విమానాలన్నీ 2008లో శంషాబాద్‌కు తరలిపోయినా, పాత జ్ఞాపకం కోసం బేగంపేటలో దిగాలనుకుంటే దిగవచ్చు. ఇందులో ఎవరికీ నష్టం లేదు. నా పక్క విమానం నడిపేవాడి గదిలో ఎన్ని మీటలున్నాయో నాకు పనిలేదు.

ఫ్రీక్వెన్సీ దగ్గరికొచ్చేసరికి కథ వేరు. అక్కడ ఒక్కరు మాట్లాడితే మిగతావాళ్ళందరూ ఆగాలి. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే ఇద్దరి మాటా పోతుంది. 1977 మార్చి 27న టెనెరీఫ్ ద్వీపంలో పొగమంచులో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ఆ ఘోరానికి కారణాలు అనేకం. అందులో ఒకటి, కంట్రోలర్ ఆగమని చెబుతున్న క్షణంలోనే రెండో విమానం నుంచి కూడా మాట రావడం. రెండూ కలిసిపోయి, వినవలసిన కాక్‌పిట్‌లో కీచుమన్న శబ్దంతో ముక్కలుముక్కలుగా వినబడ్డాయి. ఆ తర్వాతే ప్రపంచమంతటా రేడియో మాటకు కట్టుదిట్టం పెరిగింది. ఊరికే ‘ఓకే’ అంటే చాలదు, చెప్పిన ఎత్తునూ దిశనూ తిరిగి అప్పజెప్పాలి. మన ఆటలో ప్రాణాలు పోవు, నిజమే. కానీ ఆ రీడ్‌బ్యాక్ వెనకాల అంత దుఃఖం ఉందని తెలిసినవాడు దాన్ని నిర్లక్ష్యంగా పలకలేడు. మాట్లాడే ముందు రెండు క్షణాలు వినడం, విన్నది పూర్తిగా తిరిగి చెప్పడం, పిలిచినప్పుడు దగ్గరుండడం, ఈ మూడూ వాస్తవికత కోసం పెట్టిన ఆడంబరాలు కావు. ఎదుటివాడి సాయంత్రాన్ని కాపాడే మర్యాదలు.

కోలాటంలో నా కర్ర ఎంత వేగంగా తిప్పానన్నది లెక్కలోకి రాదు, పక్కవాళ్ళ కర్రకు వేళకు తగిలిందా లేదా అన్నదే లెక్క. ఫ్రీక్వెన్సీ మీద పైలట్ పని అదే.

అసలు ఆకాశానికీ దీనికీ ఉన్న తేడాలు కూడా ఒప్పుకుని తీరాలి. నిజమైన చెన్నై గగనతలంలో ఎన్నో కుర్చీలు, ఎందరో ఉద్యోగులు. నెట్‌వర్క్‌లో ఆ గగనతలం మొత్తానికీ ఒక్కరే కూర్చుంటే, కింద టవర్‌లో ఎవరూ కూర్చోని విమానాశ్రయాలన్నీ ఆ ఒక్కరి నెత్తినే పడతాయి. శంషాబాద్‌లో ఒకరికి పుష్‌బ్యాక్ ఇస్తూ, విజయవాడలో ఒకరిని దింపుతూ, తిరుపతి నుంచి లేచేవాడికి క్లియరెన్స్ చదువుతూ ఉంటారు. అటువంటప్పుడు జవాబు రెండు నిమిషాలు ఆలస్యమైతే సణగడం అన్యాయం. చాలా వేళల్లో మన వైపు ఆకాశంలో కంట్రోలరే ఉండరు. అప్పుడు యూనికామ్ అనే ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో ఎవరికి వాళ్ళు తామెక్కడున్నారో చెప్పుకుంటూ సర్దుకోవాలి. అది చూసి విసుక్కునేవాళ్ళున్నారు. నాకు మాత్రం అందులో ఒక అందం కనిపిస్తుంది: పైన ఆజ్ఞాపించేవాళ్ళు ఎవరూ లేకుండా, ముక్కూ మొహం తెలియని ముగ్గురు ‘ముందు మీరు దిగండి’ అనుకుంటూ వరుసగా దిగిపోవడం.

వాట్సిమ్‌లో కొన్నిచోట్ల వాస్తవానికి తెలిసే గీత గీశారు. విమానం దారి మళ్ళించే హైజాక్ నాటకం ఆడటానికి వీల్లేదు. ఇంజన్ పాడైందనో మంట లేచిందనో అత్యవసరం ప్రకటించవచ్చు గానీ, కంట్రోలర్ కుదరదంటే మానుకోవాలి. అసలు లోకంలో మేడే అన్నవాడికి వద్దనే హక్కు ఎవరికీ లేదు, ఇక్కడ ఉంది. ఇది సరైన నియమమని నా గట్టి నమ్మకం. ఇరవై విమానాలు వరుసలో ఉన్నప్పుడు ఒకరి నాటకం కోసం పందొమ్మిది మందిని గాలిలో చక్కర్లు కొట్టించడం న్యాయం కాదు. ఖాళీ రాత్రి అదే కంట్రోలర్‌ను ముందుగా అడిగితే సంతోషంగా ఒప్పుకుంటాడు, తనకూ అభ్యాసమే గదా! అలాగే, ఎగురుతున్న విమానాన్ని వదిలేసి ముప్పై నిమిషాలకు మించి లేచిపోకూడదన్న నిబంధన కూడా ఉంది. హైదరాబాద్ నుంచి లండన్‌కు బయల్దేరి నిద్రపోయేవాళ్ళకు అది నచ్చదు. కానీ పిలిచినా పలకని విమానం తన గగనతలంలోకి వస్తుంటే కంట్రోలర్ పడే యాతన ఒకసారి రాడార్ తెర చూస్తే అర్థమవుతుంది. అంత సమయం లేనిరోజు చెన్నై దాకా వెళ్ళి రండి, ఎంత హాయి!

రద్దీ సంగతికొస్తే, ఏటా రెండుసార్లు జరిగే ‘క్రాస్ ది పాండ్’లో వందల విమానాలు ఒకేరోజు అట్లాంటిక్ దాటుతాయి. టాక్సీవే మీద నిలబడడం, దిగబోయే ముందు హోల్డింగ్‌లో తిరగడం మామూలు. ఆట అంటే ఆగకూడదనుకునేవాడికి అది శిక్ష. నేను మాత్రం ఆ వరుసలో నిలబడటమే ఆట అంటాను. ముందున్న విమానం రన్‌వే ఖాళీ చేయడం ఆలస్యమై, టవర్ ‘గో అరౌండ్’, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేవమని, అన్నప్పుడు గుండె ఝల్లుమంటుంది చూడండి, ఆ ఉత్సాహం ఒంటరి ఆకాశంలో ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు.

ఇక కంట్రోలర్ల వైపు ఒక మాట. కొత్తవాడు తడబడినప్పుడు అందరూ వింటుండగా కసురుకుంటే వాడు మళ్ళీ రాడు. అసలు విమానాశ్రయంలో పైలట్ శిక్షణ పొంది వస్తాడు. ఇక్కడ ఫ్రీక్వెన్సీయే అతని బడి. క్లియరెన్స్‌ను నెమ్మదిగా రెండు ముక్కలు చేసి చెప్పి, తప్పిన అంకెను మళ్ళీ చదివించి, చివర్లో శుభరాత్రి చెప్పే కంట్రోలర్లను విన్నాను. వాళ్ళ ఓర్పు ముందు ఏ నిబంధన పుస్తకమూ పెద్దది కాదు. ఎక్కడో అక్షరం పొల్లుపోయిందని తోటి పైలట్‌కు వ్యక్తిగత సందేశాలు పంపి దిద్దే పెద్దమనుషులు మాత్రం ఈ సరదాను చంపుతున్నారు. దిద్దడం కంట్రోలర్ పని. అవసరమైతే వాళ్ళే దిద్దుతారు.

మన పిల్లలు చాలామంది ఇంగ్లీషు భయంతో మైకు నొక్కరని నాకు తెలుసు. ఆ భయం అక్కర్లేదు. విమానయానపు ఇంగ్లీషుకు వ్యాకరణం తక్కువ, వరుస ఎక్కువ: ఎవరిని పిలుస్తున్నాను, నేనెవరిని, ఎక్కడున్నాను, ఏం కావాలి. వాడే మాటలు పరిమితం, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. యాస అందరికీ ఉంటుంది, ఫ్రెంచివాడికీ బ్రెజిల్‌వాడికీ ఉన్నట్టే. అర్థం కాకపోతే ‘సే అగెయిన్’ అనడంలో నామోషీ లేదు, అసలు పైలట్లే అంటారు. అప్పటికీ ధైర్యం చాలకపోతే టైపు చేసి మాట్లాడే వీలుంది, ఆ పద్ధతికి నెట్‌వర్క్ తలుపులు తెరిచే ఉంచింది.

కాబట్టి మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు నేను చెప్పేదిది. ముందు కొన్ని సాయంత్రాలు ఊరికే వినండి. ఆ తర్వాత రద్దీ లేని విమానాశ్రయం, మీకు బాగా చేతనైన చిన్న విమానం ఎంచుకోండి. ఫ్లైట్ ప్లాన్‌లో వ్యాఖ్యల గడిలో కొత్తవాడినని రాయండి. మీకు నెమ్మదిగా చెప్పాలని కంట్రోలర్‌కు తెలుస్తుంది. బ్రిడ్జీల కింద దూరాలని, మేఘాల్లో పల్టీలు కొట్టాలని ఉన్నరోజు నెట్‌వర్క్ కలపకుండా మీ ఆకాశంలో మీరు తనివితీరా కొట్టండి. వినాలనీ మాట కలపాలనీ ఉన్నరోజు మాత్రం రండి, ఫ్రీక్వెన్సీలో మీకు చోటుంది.