మొక్కు లేని కొండ

"ఏం మొక్కుండాది?" అని అడిగింది మా అత్తగారు.

రెండు రోజులు తలకోన వెళ్ళొస్తానని చెప్పినప్పుడు ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. వసారాలో మంచం మీద కూర్చుని తమలపాకుల ఈనెలు తీస్తోంది. మొక్కేమీ లేదన్నాను. మరి ఎవరికి ఒంట్లో బాగాలేదు? ఎవరికీ కాదు. మనవరాలికేమన్నా అనుకున్నావా? లేదత్తా, ఊరికే వెళ్తున్నాం, ముగ్గురం స్నేహితురాళ్ళం. "మొక్కు లేకుండా కొండకెట్టా పోతారు మే?" అని ఈనె తీయడం ఆపి నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. నిజంగానే అర్థం కాలేదామెకి.

నాకు చిరాకేసింది. తర్వాత ఆలోచిస్తే ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది అనిపించింది. మా కొడవలూరులో కొండ లేదు. కాలువల కింద పారే మాగాణి, రైసు మిల్లులు, తూర్పుకి వెళ్తే సముద్రం. ఊళ్ళో ఎత్తయినది ఏదంటే గడ్డివామి. కొండ కావాలంటే పడమరకి ప్రయాణం కట్టాలి. ఆడవాళ్ళు ప్రయాణం కట్టాలంటే దేవుడో, పెళ్ళో, చావో ఉండాలి. అందుకే మా వైపు ఆడవాళ్ళకి కొండ చూసే వస్తువు కాదు, మొక్కు చెల్లించుకునే చోటు. తిరుమల, లేకపోతే పెంచలకోన.

నేను మొదటిసారి కొండని చూసింది పెంచలకోనలోనే. తమ్ముడికి టైఫాయిడ్ తగ్గితే వస్తానని అమ్మ మొక్కుకుంది. ఇప్పుడు తల్చుకుంటే అమ్మ ఆ రోజు కొండని చూసిందా అని అనుమానం. రాళ్ళ పొయ్యి మీద పొంగలి మాడకుండా చూసుకుంటూ, పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ, నాన్నకి కాఫీ ఫ్లాస్కు అందిస్తూ తిరిగిందామె. కార్తీకమాసపు వనభోజనాల్లోనూ చూస్తాం కదా, వంటిల్లు ఉసిరి చెట్టు కిందికి మారుతుంది. అంతే. వండేవాళ్ళు మారరు.

పెంచలకోనకి ఒక కథ ఉంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడని ఆదిలక్ష్మికి కోపం వచ్చి ఏటి అవతలకి వెళ్ళిపోయిందట. ఆమె గుడి నేటికీ విడిగానే ఉంది. భక్తులు ముందు ఆయన్ని, తర్వాత ఆమెని చూసుకుని వస్తారు. చిన్నప్పుడు నాకది అలక కథ. స్త్రీవాదం చదువుకున్నాక సవతుల కథ. ఇద్దరాడవాళ్ళ మధ్య ఒక ఏరు ఉందన్న సంగతి మాత్రం తలకోన వెళ్ళొచ్చాకే నా మనసుకెక్కింది.

కార్తీకం వెళ్ళి జనం పలచబడ్డాక బయల్దేరాం. ఊళ్ళో నాట్లు మొదలయ్యాయి. వెళ్ళే ముందు రోజు నేను చేసిన పని చెప్తే మీరు నవ్వుతారు, నవ్వాక మీరూ అదే చేస్తారని గుర్తు చేసుకుంటారు. చింతపండు పులుసు రెండు రోజులకి సరిపడా కాచాను. కందిపొడి కొట్టాను. అత్తగారి మాత్రలు పొద్దుటివి, రాత్రివి వేర్వేరు పొట్లాలు కట్టి పైన రాశాను. పాలవాడికి, పనమ్మాయికి, గ్యాసుకి చెప్పాను. ముప్ఫయి రెండేళ్ళు కాలేజీలో తెలుగు పాఠం చెప్పి, నిశ్చింతగా పింఛను తీసుకుంటున్నదాన్ని, రెండు రాత్రుల సెలవుకి రెండు రోజుల పని ముందే చేసి బాకీ తీర్చుకున్నాను. మా ఆయన "నేను వద్దన్నానా?" అన్నాడు. అనలేదు. ఆ మాట అనే హక్కు ఆయన దగ్గరుందని ఇద్దరికీ తెలుసు కాబట్టి అనాల్సిన అవసరం రాలేదు.

నెల్లూరులో రైలెక్కి తిరుపతి, అక్కణ్ణించి కారు. రంగంపేట దాటాక ఘాట్ రోడ్డు, భాకరాపేట, ఎర్రావారిపాళెం, నెరబైలు. మైదానంలో పుట్టిన కళ్ళకి ఆ మలుపులు కొత్త. మా ముగ్గురిలో ఒకావిడ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు చెప్తుంది, పెళ్ళి చేసుకోలేదు. ఇంకొకావిడ కథలు రాస్తుంది, భర్త పోయి ఆరేళ్ళు.

శేషాచలం కొండల్లో ఈ భాగం శ్రీవెంకటేశ్వర జాతీయవనం కిందికి వస్తుంది. 1989లో ప్రకటించారు, దాదాపు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలం కొండల్ని జీవావరణ పరిరక్షణ మండలంగా కూడా ప్రకటించారు. దేవాంగపిల్లి, బంగారు బల్లి ఉండే అడవి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద తూర్పు కనుమల ఈ దక్షిణపు కొసలోనే. ఇవన్నీ వెళ్ళే ముందు చదువుకుని వెళ్ళాను, పాఠం చెప్పే అలవాటు కదా!

అడవినానుకుని ఉన్న విడుదుల్లో ఒకదాంట్లో గది తీసుకున్నాం. దాని పేరు ఇక్కడ అనవసరం. కౌంటర్లో కుర్రాడు మా వెనక ఖాళీగా ఉన్న కారు వైపు చూసి, "జెంట్స్ ఎవరూ రాలేదా మేడమ్?" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. రిజిస్టరు ముందుకి తోశాడు. అందులో "తండ్రి / భర్త పేరు" అని ఒక గడి. నేను అలవాటుగా మా ఆయన పేరు రాసేశాను. కథకురాలు కలం పట్టుకుని కాసేపు ఆగింది. చనిపోయిన మనిషి పేరు రాయాలా, ఎప్పుడో చనిపోయిన తండ్రి పేరు రాయాలా? ఇంగ్లిషు పాఠాలావిడ మాత్రం వాళ్ళమ్మ పేరు రాసి రిజిస్టరు మూసింది. ఆ కుర్రాడు చూడను కూడా లేదు. ఆ గడి నిండటమే కావాలి, అంతే.

ఆ రాత్రి గదిలో పడుకుని చాలాసేపు మాట్లాడుకున్నాం. వర్జీనియా ఊల్ఫ్ 1929లో రాసిన 'తనకంటూ ఒక గది'ని దశాబ్దాలుగా క్లాసుల్లో చెప్తూ వచ్చిన ఆవిడ, "నాకు గది ఉంది కానీ ఇలా తాళం వేసుకుని పడుకుంటే ఎవరూ తలుపు కొట్టరన్న ధీమా ఇవ్వాళే" అంది. నాకు రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. అత్తగారిని బాత్రూముకి తీసుకెళ్ళే వేళ అది. ఒళ్ళు దానంతటదే లేచి కూర్చుంది. ఎవరూ పిలవలేదు. బయట చెట్ల మీంచి మంచు టప్పుటప్పున రాలుతోంది. మళ్ళీ పడుకున్నాను, పడుకున్నందుకు కాసేపు ఏడుపొచ్చింది.

పొద్దున సిద్ధేశ్వరస్వామి గుడి దాటి రాళ్ళ దారిలో జలపాతానికి నడిచాం. 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుందంటారు. వానలు బాగా పడ్డాయి కాబట్టి ధార బలంగా ఉంది. దారిలో గిల్లతీగ కనిపించింది. తీగంటే మనకి మల్లెతీగే గుర్తొస్తుంది. స్త్రీని తీగతో పోల్చిన ప్రబంధ పద్యాలు ఎన్ని చెప్పానో! ఇది మనిషి నడుమంత లావున మెలికలు తిరిగి, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి, అక్కణ్ణించి ఇంకోదానికి పాకి ఉంది. ఏ చెట్టు దేనికి ఆధారమో చెప్పలేం. ఆ పోలిక కనిపెట్టిన కవులు దీన్ని చూసి ఉండరు.

నీళ్ళలోకి దిగాం. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ముగ్గురం చేతులు పట్టుకుని. జుట్టు తడిస్తే జలుబు చేస్తుందని ఎవరూ అనలేదు. నా జీవితంలో ఏ కారణమూ లేకుండా చేసిన పని అదొక్కటేనేమో. ఒల్గా 'విముక్త' కథల్లో సీత అడవిలో శూర్పణఖని కలుసుకునే 'సమాగమం' గురించి అక్కడే రాళ్ళ మీద కూర్చుని మాట్లాడుకున్నాం. అడవి అనగానే మనకి ఎత్తుకుపోయే రావణుడు, వదిలేసిపోయే లక్ష్మణుడు గుర్తొస్తారు. 2010లో వచ్చిన ఆ పుస్తకం, అడవిని ఇద్దరాడవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోటు చేసింది. మేమూ ఆ కథలోకి వచ్చేశామనుకున్నాం. అక్కడితో ఈ వ్యాసం ఆపేసి ఉంటే ఎంత హాయిగా ఉండేది!

మధ్యాహ్నం భోజనం. రాగి సంగటి, కోడిపులుసు, చెనిక్కాయల ఊరిబిండి. వండి పెట్టినామెకి నలభై ఏళ్ళుంటాయి. ముప్ఫయి ఏళ్ళలో నేను కూర్చుంటే ఇంకొకరు కొసరి వడ్డించడం ఇదే మొదటిసారి అని నవ్వుతూ చెప్పాను. ఆమె కూడా నవ్వింది. సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని కబుర్లాడాం. పేరు రాయొద్దంది, రాయను.

"నాలుగు గంటలకి లేస్తా మా. ఇంట్లో వొండిపెట్టి, పిలకాయల్ని తయారు చేసి, మామకి సంగటి ముద్ద పెట్టి ఈడికొస్తా. ఈడ అయినాక పొయ్యి మళ్ళా రేతిరి వొండల్ల." పన్నెండేళ్ళ నుంచి పని చేస్తోంది. గదులు ఊడుస్తుంది, దుప్పట్లు మారుస్తుంది. ఒక్క రాత్రి కూడా ఆ గదుల్లో పడుకోలేదు. జలపాతానికి వెళ్తుంటావా అని అడిగాను.

"ఎవురన్నా చుట్టాలొస్తే తీసుకోని పోతా. ఊరికే ఎందుకు పోతాం మా?"

మా అత్తగారి ప్రశ్నే అది! మొక్కు లేకుండా కొండకెట్టా పోతారు? ఊరికే ఎందుకు పోతాం? ఎనభై నాలుగేళ్ళ కొడవలూరు ఆసామి భార్యకీ, నలభై ఏళ్ళ అడవి అంచు కూలి మనిషికీ కులంలో, భూమిలో పోలికే లేదు. కానీ ఇద్దరి నిఘంటువులోనూ 'ఊరికే' అన్న మాట ఆడవాళ్ళకి వర్తించదు. మన అడుగు ప్రతిదానికీ ఒక కారణం చూపించాలి, ఆ కారణం ఎప్పుడూ ఇంకొకరిదై ఉండాలి.

"మా యమ్మయితే రోజూ అడివికి పొయ్యేది" అంది ఆమె. చీపురు గడ్డికి, ఉసిరికాయలకి, చింతపండుకి, పొయ్యిలో పుల్లలకి. పది మంది ఆడవాళ్ళు కలిసి వెళ్ళేవాళ్ళట, పాటలు పాడుకునేవాళ్ళట. "ఇప్పుడు పార్కు గదా, ఏమీ ఎత్తకూడదు."

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాతీయవనంలో పశువుల్ని మేపడాన్ని ఒప్పుకోదు, అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తులు తీసుకుపోవడాన్నీ ఒప్పుకోదు. అడవి మిగలాలంటే చట్టాలు కావాలి, దాన్ని కాదనను. కానీ ఆ గడప మీద కూర్చుంటే లెక్క వేరేగా తేలింది. ఊరికే వచ్చిన నాకు టిక్కెట్టు ఇచ్చారు. పనుండి వెళ్ళిన ఆమె తల్లికి దారి మూసేశారు. ఒకే అడవి నాకు విహారం, వాళ్ళకి నేరం. నేను అంతసేపూ గొప్పగా చెప్పుకున్న స్వేచ్ఛ కూడా ఆమె రెండో వంటింటి మీద నిలబడి ఉంది. ఇంట్లో నా పని తప్పిందంటే అది పోలేదు, చేతులు మారింది.

ఈ కొండల్లోనే 2015 ఏప్రిల్ 7న ఇరవై మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎర్రచందనం కొట్టడానికి వచ్చారన్నారు. తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల వాళ్ళే ఎక్కువ. వాళ్ళ ఇళ్ళల్లో మిగిలిన ఆడవాళ్ళకి శేషాచలం ఏ కొండో! అందులో ఒకామె తన భర్త చావు మీద హైదరాబాదు హైకోర్టు దాకా వచ్చింది. ఆమెకి ఈ కొండకి రావడానికి కారణం ఉంది. అలాంటి కారణం పగవాళ్ళకి కూడా వద్దు. మొన్న మేం నీళ్ళలో ఆడుకున్నప్పుడు ఇది నాకు గుర్తు రాలేదు. రెండో రాత్రి గుర్తొచ్చింది, నిద్ర పట్టలేదు.

మనం సోదరీత్వం అని రాస్తుంటాం. పెంచలకోన ఏరు లాంటి ఏరొకటి మా మధ్య ఉంది. నేను ఈ ఒడ్డున గది తాళం చేతిలో పట్టుకుని ఉన్నాను. వెళ్ళేటప్పుడు ఆమె చేతిలో కొంత డబ్బు పెట్టబోయాను. తీసుకుంది, సిగ్గుపడింది. ఆమెకన్నా నేనే ఎక్కువ సిగ్గుపడ్డాను. "పొద్దున మాతో జలపాతానికి రా, నీ పని కాసేపు మేం చూసుకుంటాం" అని నిన్ననే ఎందుకు అనలేకపోయాను? అంటే వచ్చేదో లేదో. అనాలని తట్టకపోవడమే నన్ను తినేస్తోంది. ఇంటి దగ్గర మా ఆయనకి తట్టనిదీ అదే కదా అని, ఇన్నేళ్ళూ ఆయన మీద చేసిన ఫిర్యాదు!

కొడవలూరు చేరేసరికి చీకటి పడింది. చెరువు గట్టు పక్క పొలాల్లో పొద్దుటి నాట్లు నిలబడి ఉన్నాయి, వేసిన చేతులు ఇళ్ళకెళ్ళి పొయ్యి రాజేసి ఉంటాయి. ఫ్రిజ్‌లో పులుసు అలాగే ఉంది, మా ఆయన బయటినుంచి తెప్పించుకున్నాడట. అత్తగారు ప్రసాదం కోసం చెయ్యి చాపబోయి, మళ్ళీ గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

రాత్రి రెండింటికి ఆమెని బాత్రూముకి తీసుకెళ్ళాను. తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాక, చీకట్లో అడిగింది.

"ఆడ నీళ్ళు బాగా చల్లగుంటాయా మే?"

చాలా చల్లగా ఉంటాయత్తా అన్నాను.

"పెంచలకోన పొయినప్పుడల్లా ఏట్లో కాసేపు కూచోవాలనుకునేదాన్ని. పొంగలి పొయ్యి మీదుండేది."

అంతే అంది. గోడ వైపు తిరిగి పడుకుంది. నేను చాలాసేపు ఆమె కాళ్ళ దగ్గరే కూర్చున్నాను. ఈసారి ఆమెని తీసుకెళ్ళాలి. వంట ఎవరు చేస్తారన్నది ఇంట్లో వాళ్ళతో ముందే తేల్చుకోవాలి. పులుసు మాత్రం కాచి పెట్టి వెళ్ళను.