దూరదేశం వెళ్ళే పిల్లాడి పెట్టె

పలాస, టెక్కలి దాటి సముద్రం వైపు వెళ్తే ఉద్దానం. ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి తోటలే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆ తోటలు నేలకూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు. పవర్ బ్యాంకు విలువ అలాంటప్పుడే తెలుస్తుంది!

ఆ ఊళ్ళ నుంచి గల్ఫ్ పనులకి వెళ్ళే పిల్లలకి పెట్టె సర్దేది మనమే కదా. జీడిపప్పు పెట్టెలో పెట్టండి, పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. అందులోని లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషుల మధ్య వెంటనే ఆర్పొచ్చు. కింద సామాన్ల గదిలో ఎవరు చూస్తారు?

100 వాట్ అవర్ల లోపుదైతే మంచిది. మామూలు 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వస్తుంది. అంకెలు చెరిగిపోయింది, ఉబ్బింది వద్దు. ఎమిరేట్స్ విమానాల్లో 2025 అక్టోబరు 1 నుంచి మనిషికి ఒక్కటే, అదీ లోపల వాడకూడదు.

ఎండు కొబ్బరి కూడా తేలిగ్గా అంటుకునే సరుకుల కిందే లెక్క. టికెట్ తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి.

ఎక్కే ముందే ఫోను నిండా చార్జింగ్ పెట్టుకోమనండి. దిగగానే "క్షేమంగా చేరానమ్మా" అన్న మాట వినాలి కదా మనం!